అండమాన్‌లో వీధి తలుపుకు డీజిల్ లెక్క

అండమాన్‌కు ఇంటర్నెట్ సముద్రం అడుగు నుంచి వస్తుంది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కూ, అక్కడి నుంచి మరికొన్ని దీవులకూ వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించారు. కరెంటుకు అలాంటి దారి లేదు. దేశమంతా ఒకటే అని మనం చెప్పుకునే గ్రిడ్ చెన్నై తీరంలోనో విశాఖ తీరంలోనో ఆగిపోతుంది. అక్కడికి అవతల ఏ దీవి పవర్‌హౌస్ ఆ దీవిదే. వాటిలో ఎక్కువగా కాలేది ఓడలో వచ్చిన డీజిలే.

అందుకే అక్కడ 'ఇంట్లో కరెంటు ఎలా ఆదా చేయాలి' అన్నది నెలాఖరు బిల్లుతో తేలిపోయే ప్రశ్న కాదు. పాత ఇంటికి మరమ్మతు చేయించేటప్పుడు పైకప్పుకు ఏం వేయాలి, వీధి తలుపు ఏది పెట్టాలి, ఫ్యాన్లు మార్చాలా అని ఒక కుటుంబం తీసుకునే నిర్ణయం నేరుగా పవర్‌హౌస్ ట్యాంకు దాకా వెళ్తుంది. ఆ నిర్ణయాలకు దారి చూపాల్సిన నిబంధనలూ సబ్సిడీలూ మాత్రం మెయిన్‌ల్యాండ్ ఇళ్లను, అందులోనూ పెద్ద ఇళ్లను చూసి రాసినవి. రేకుల ఇంటి వీధి తలుపుకు వాటి లెక్కలో చోటే లేదు.

ఇది తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3.8 లక్షల మందిలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవారు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీటిలో ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ తెలుగు మత్స్యకారుల పేటగా పేరుపడింది. (ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. వాడుకలో ఇంకా పాత పేరే నడుస్తోంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాం.) ఇంటి పనుల్లో సలహాలు మాత్రం మెయిన్‌ల్యాండ్‌లోని బంధువుల నుంచో, హైదరాబాద్ ఇంటీరియర్ వీడియోల నుంచో వస్తాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒక యూనిట్ వెనక ఎంత డీజిల్

డీజిల్ జనరేటర్ లీటరుకు మూడున్నర నుంచి నాలుగు యూనిట్ల కరెంటు ఇస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే 7, 8 యూనిట్లు తింటుంది. అంటే ఒక పడకగది చల్లగా ఉండాలంటే తెల్లారేసరికి రెండు లీటర్ల డీజిల్ కాలుతుంది. ఆ డీజిల్‌ను మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో తేవాలి, పెద్ద దీవిలో దించాలి, చిన్న దీవులకు మళ్లీ ఎక్కించాలి.

ఆ ఖర్చు బిల్లులో కనబడదు. దీవుల టారిఫ్‌ను గోవా, కేంద్రపాలిత ప్రాంతాలకు ఉన్న సంయుక్త విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తుంది. ఒక యూనిట్ అందించడానికి విద్యుత్ శాఖకు అయ్యే ఖర్చు ఇంటి వినియోగదారు కట్టే ధరకు కొన్ని రెట్లు. మిగిలింది ప్రభుత్వ ఖజానా భరిస్తుంది. ఈ సబ్సిడీ తప్పని అనడం నా ఉద్దేశం కాదు. అసలు ధర వసూలు చేస్తే జంగ్లీఘాట్‌లో ఫ్యాను కూడా తిరగదు. కానీ దీనివల్ల ఒక విచిత్రం జరుగుతోంది. ఇంట్లో ఒక యూనిట్ ఆదా చేసినవాళ్లకు చేతికొచ్చేది కొన్ని రూపాయలే. అంతకు కొన్ని రెట్లు ఖజానాకు మిగులుతుంది. ఆదా చేయగలిగినవాళ్లకు దాని విలువ తెలియదు. విలువ తెలిసిన సర్కారుకు ఇంటి లోపలికి రావడానికి పథకం లేదు.

సౌరవిద్యుత్తు వచ్చింది కదా అనొచ్చు. నిజమే. 2013లో గారచర్మాలో ఎన్టీపీసీ 5 మెగావాట్ల ప్లాంటు పెట్టింది. 2020లో ఎన్ఎల్‌సీ ఇండియా 20 మెగావాట్ల సౌర ప్లాంటును 8 మెగావాట్ అవర్ల బ్యాటరీతో కలిపి పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ప్రారంభించింది. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర కల్పోంగ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది, సామర్థ్యం 5.25 మెగావాట్లు. అయితే దీవులకు ఒక కాలపు చిక్కుంది. భారత కాలమానానికి ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. పోర్ట్‌బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. నవంబరులో సాయంత్రం ఐదు కొట్టకముందే పొద్దు వాలిపోతుంది. జనం ఆఫీసుల నుంచి ఇళ్లకు చేరి లైట్లు, ఫ్యాన్లు, టీవీలు వేసే సమయానికి సౌర ఫలకాలు పని ముగించి ఉంటాయి. కాబట్టి దీవుల్లో రాత్రి ఆదా అయిన యూనిట్ నేరుగా డీజిల్‌లోంచి తగ్గుతుంది. ఇంటిపని ఏది మంచిదో తేల్చడానికి ఈ ఒక్క ప్రమాణం చాలావరకు సరిపోతుంది: సూర్యుడు పోయాక ఆ పని వల్ల ఫ్యానూ ఏసీ ఎంత తక్కువ తిరుగుతాయి?

తలుపు గుండా వచ్చేది వేడా, నీళ్లా?

ఇప్పుడు తలుపు దగ్గరికొద్దాం. కరెంటు ఆదా పేరుతో బయటి తలుపుల గురించి రాసేవాటిలో ఎక్కువ భాగం చలిదేశాల సరుకు. మధ్యలో ఫోమ్ నింపిన స్టీలు తలుపు, చుట్టూ రబ్బరు పట్టీలు, కింద బ్రష్, సందు లేకుండా మూసుకునే గడప. షికాగోలో ఉన్న మన బంధువులకు ఇది సరైన సలహా. బయట మైనస్ 10, లోపల 21 ఉన్నప్పుడు మామూలు చెక్క తలుపుకూ ఫోమ్ తలుపుకూ తేడా సుమారు 90 వాట్లు, అదీ నెలల తరబడి ఇరవైనాలుగు గంటలూ. అదే లెక్క పోర్ట్‌బ్లెయిర్‌లో వేయండి. ఏసీ గదికీ బయటికీ తేడా ఐదారు డిగ్రీలు. రెండు చదరపు మీటర్ల తలుపు మీద ఫోమ్ మిగిల్చేది 15 వాట్లు, ఒక ఎల్ఈడీ బల్బంత. ఏసీ లేని ఇంట్లో లోపలా బయటా దాదాపు ఒకటే ఉష్ణోగ్రత కాబట్టి మిగిలేది సున్నా.

తలుపు గుండా నిజంగా వచ్చేది గాలిలోని నీరు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న బయటిగాలి ఒక ఘనపు మీటరు ఏసీ గదిలోకి దూరితే, దాన్ని ఐదు డిగ్రీలు చల్లబరచడానికి పట్టే శక్తి కంటే అందులోని పన్నెండు గ్రాముల నీటిని పిండి బయటికి పంపడానికి పట్టే శక్తి ఐదు రెట్లు ఎక్కువ. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం ఇందుకు పూర్తిగా తలకిందులు. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే, ఆ గాలిలోని నీరు ఏసీ గదిలో ఉన్నదానికి దాదాపు సమానం. అక్కడ సందులోంచి వచ్చేది వట్టి వేడి. ఇద్దరూ 'తలుపు సందులు మూయండి' అన్న ఒకే సలహా వింటారు. దానివల్ల జరిగే పని మాత్రం వేరు.

సందు అంటే ఎంత? తలుపు కింద ఒక సెంటీమీటరు, మిగతా మూడు వైపులా రెండేసి మిల్లీమీటర్లు వదిలినా మొత్తం కలిపితే 190 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. గోడకు పద్నాలుగు సెంటీమీటర్ల చదరపు కంత పెట్టినట్టే. ఏసీ ఉన్న గది తలుపుకు రబ్బరు పట్టీ, కింద బ్రష్ వేయించడం కొన్ని వందల రూపాయల పని. ఇది చేయకుండా ఐదు స్టార్ల ఏసీకి డబ్బు పోయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

కానీ గమనించండి, ఇది ఏసీ గది తలుపుకు చెప్పిన మాట. వీధి తలుపుకు వర్తించదు. దీవుల్లో ఎక్కువ ఇళ్లు ఇప్పటికీ ఫ్యాను ఇళ్లే. వాటికి తలుపు సందు శత్రువు కాదు, అసలు తలుపు మూసి ఉండడమే శత్రువు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏడాది పొడుగునా పగలు 30 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి 23, 24 డిగ్రీలు ఉంటుంది. రాయలసీమలో లాగా రాత్రి తలుపులు తెరిచి గోడల్ని చల్లార్చుకుని పగలు మూసుకునే ఉపాయం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే రాత్రి అంత చల్లబడదు. ఒంటికి హాయి ఇచ్చేది కదిలే గాలి ఒక్కటే. సెకనుకు మీటరు వేగంతో గాలి తగిలితే ఒంటికి సుమారు మూడు డిగ్రీలు తగ్గినట్టు ఉంటుంది. ఆ గాలి ఒకవైపు లోపలికి వచ్చి మరోవైపు బయటికి పోవాలి.

ఈ సంగతి మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఉత్తరాంధ్ర పాత ఇళ్లలో వీధి తలుపు తీస్తే నడవ మీదుగా పెరటి తలుపు దాకా ఒకే వరస కనబడేది. వాస్తు అన్నారో, ఆనవాయితీ అన్నారో గానీ ఇంటి మధ్య నుంచి గాలి దూసుకుపోయేది. నికోబార్ వాళ్లు ఇంకో మెట్టు ముందుకెళ్లారు. తేనెతుట్టె ఆకారంలో, స్తంభాల మీద నిలబెట్టిన వాళ్ల సంప్రదాయ గుడిసెలో తలుపు గోడకు ఉండదు, నేలకు ఉంటుంది. నిచ్చెన వేసుకుని కింద నుంచి ఎక్కాలి, రాత్రి నిచ్చెన పైకి లాగేసుకోవచ్చు. వాన కొట్టే వైపు ఏ కన్నమూ లేదు, గాలి మాత్రం నేల సందుల్లోంచి పైకి వస్తుంది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఇళ్లు పోయిన కుటుంబాలకు మొదట రేకుల షెడ్లు వేశారు. ఆ షెడ్లలో వేడి భరించలేమని అప్పట్లో గగ్గోలు పుట్టింది. తర్వాత వివిధ దీవుల్లో కలిపి తొమ్మిది వేలకు పైగా శాశ్వత గృహాలు కట్టారు. సామగ్రిలో పెద్ద భాగం మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడల్లోనే వెళ్లింది. భూకంప ప్రమాదంలో ఐదో జోన్‌లో ఉన్న చోట తేలికైన కప్పు వాడటం సబబే. కానీ తేలికైన రేకు ఎండను ఆపలేదు. వేడి లోపలికి రాకుండా చేసే పని మళ్లీ ఆ ఇంటివాళ్ల మీదే పడింది.

పైకప్పు ముందు తలుపు ఎంత?

నిజం చెప్పాలంటే రేకుల ఇంట్లో కరెంటు ఆదా గురించి ఆలోచించేవాళ్లు తలుపు దుకాణానికి వెళ్లకముందు తల ఎత్తి కప్పు చూడాలి. తలుపు రెండు చదరపు మీటర్లు. కప్పు అరవై. ఎండలో పాతబడిన రేకు 60 డిగ్రీలు దాటగలదు. సీలింగ్ లేకపోతే అంత పెద్ద పెనం తల మీద బోర్లించినట్టే. ఆ వేడి వాట్లలో కాదు, వేల వాట్లలో ఉంటుంది. సాయంత్రం ఇంట్లో ఫ్యాను తిప్పేది ఆ వేడిగాలినే. ఉక్కపోతకు ఏసీ కొనాలన్న ఆలోచన పుట్టేదీ అప్పుడే.

మూడు పనులు చేయొచ్చు. ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయడం ఒకటి. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం దీన్నే ప్రోత్సహిస్తుంది. అయితే హైదరాబాద్‌లో తెలుపును దుమ్ము తింటుంది, పోర్ట్‌బ్లెయిర్‌లో పాచి, బూజు తింటాయి. ఏడాదికి మూడు మీటర్ల దాకా వాన పడే చోట రెండు రుతుపవనాల మధ్య దొరికే పొడి నెలల్లో రుద్ది కడగకపోతే పెట్టిన ఖర్చు దండగ. రెండోది రేకు కింద మెరిసే అల్యూమినియం పొర. దీన్ని రేకుకు అంటించేస్తే సగం ఫలితం పోతుంది. మెరిసే ముఖం కిందికి ఉండి, దాని ముందు నాలుగు వేళ్ల గాలి ఖాళీ ఉండాలి. చాలామంది మేస్త్రీలు ఈ ఖాళీ వదలరు. మూడోది కొప్పు దగ్గర గాలి పోయే దారి. చూరు కింద సందు, కొప్పు దగ్గర సందు ఉంటే వేడిగాలి తనంతట తానే పైకెళ్లి బయటపడుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు. వాన లోపలికి కొట్టకుండా పైన మరో రేకు టోపీ ఉంటే చాలు.

ఫ్యాన్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు పదహారు గంటలు తిరిగే ఇంట్లో, ఇక్కడ అంతసేపు తిరగడం మామూలే, ఒక్కో ఫ్యాను మీద ఏడాదికి 260 యూనిట్లు మిగులుతాయి. అంటే సుమారు 70 లీటర్ల డీజిల్, లైన్లలో పోయే నష్టం కలపకుండానే. ఎల్ఈడీ బల్బుల సంగతి దాదాపు అన్ని ఇళ్లలో అయిపోయిన పెళ్లి. ఏసీ ఉన్నవాళ్లకు 2020 జనవరి నుంచి కొత్త యంత్రాలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన ఉంది. ఒక డిగ్రీ పెంచితే ఆరు శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. 26 పెట్టి పక్కన ఫ్యాను తిప్పుకోవడం ఈ దీవుల్లో తెలివైన పని.

నిబంధన లెక్కలోకి రాని తలుపు

ఇళ్ల ఇంధన సామర్థ్యం కోసం కేంద్రం 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత విడుదల చేసింది. అందులో ఒక మంచి సూత్రం ఉంది. వేడీ తేమా కలిసిన ప్రాంతాల్లో, విశాఖ, నెల్లూరు, అండమాన్ అన్నీ ఇదే కోవ, తెరుచుకోగల కిటికీల వైశాల్యం ఇంటి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలి. చలి ప్రాంతాలకు ఇందులో సగమే అడిగారు. గాలి ఎక్కువ కావాల్సిన చోట ఎక్కువ అడగడం సరైన ఆలోచన.

అయితే ఆ లెక్కలో బాల్కనీలోకి తెరుచుకునే తలుపు చేరుతుంది. నేల మీది ఇంటి వీధి తలుపూ పెరటి తలుపూ చేరవు. రాత్రి అవి మూసే ఉంటాయన్న ఊహ దీని వెనక ఉండొచ్చు. అపార్ట్‌మెంటును మనసులో పెట్టుకుని చూస్తే ఇదీ సబబే. యాభై చదరపు మీటర్ల రేకుల ఇంట్లో చూడండి. కావాల్సింది 8.3 చదరపు మీటర్ల తెరుపు. వీధి తలుపు, పెరటి తలుపు కలిపితే 3.8. అంటే కావాల్సినదానిలో దాదాపు సగం ఆ రెండు తలుపుల్లోనే ఉంది. పైగా సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో కట్టే నివాస భవనాలకు. ఆ కుటుంబం అసలు దాని కంటికి ఆనదు.

మరి దొంగలు, దోమలు, వాన, పాములు? అవి ఉన్నాయి కాబట్టే తలుపు మూస్తారు. మగవాళ్లు రాత్రి వేటకు వెళ్లే ఇళ్లలో ఆడవాళ్లు తలుపు బార్లా తీసి పడుకోవాలని ఎవరూ చెప్పలేరు. మలేరియా, డెంగీ ఉన్న చోట వల లేకుండా తెరవమనడం కూడా తప్పు. కాబట్టి మంచి వీధి తలుపు అంటే ఇక్కడ రెండు రెక్కలు: లోపల గట్టి చెక్క రెక్క, బయట లోపలి నుంచి తాళం వేసుకోగల గ్రిల్లు, దానికి స్టెయిన్‌లెస్ దోమల జాలీ. రాత్రి చెక్క రెక్క తీసి జాలీ రెక్క మూస్తే తలుపు కిటికీ అవుతుంది. పెరటి వైపు కూడా అలాంటిదే ఉంటేనే గాలి ఆడుతుంది. ఒక్కటి పెట్టి ఆగిపోతే అంత ఫలితం ఉండదు. జాలీ మరీ సన్నదైతే గాలి తగ్గుతుంది, అందుకే దోమను ఆపేంత సన్నం చాలు. ద్వారబంధం పైన వెంటిలేటర్ పెడితే చెక్క రెక్క మూసిన రోజు కూడా కొంత గాలి పోతుంది.

ఇంకో మాట. హైదరాబాద్ ఫ్లాట్ల నుంచి దీవులకు పాకిన ఫ్యాషన్ అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. రెండు అద్దాల స్లైడింగ్ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. అదే కొలతలో పాత రెక్కల కిటికీ దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. డబ్బు ఎక్కువిచ్చి గాలి సగానికి తగ్గించుకుంటున్నాం.

పడౌక్ నుంచి పీవీసీ దాకా

ఒకప్పుడు అండమాన్‌లో తలుపు దేనితో చేయించాలన్న ప్రశ్నే లేదు. పడౌక్ ఉంది. ఎర్రటి చేవ, చెదలు పట్టదు, తేమకు అంతగా వంగదు. 1883లో బ్రిటిష్‌వాళ్లు పెట్టిన ఛాథమ్ రంపపు మిల్లు దాన్ని ప్రపంచమంతటికీ కోసి పంపింది. ఆ నరుకుడు అడవుల్ని ఎక్కడికి తెచ్చిందో చూసి సుప్రీంకోర్టు 2002లో, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా, కలప కొట్టడాన్ని స్థానిక అవసరాలకు పరిమితం చేసింది, మెయిన్‌ల్యాండ్‌కు తరలింపు ఆపింది, ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించమంది. అడవికి అది ప్రాణం పోసిన ఆదేశం. ఇల్లు కట్టేవాళ్లకు మాత్రం కలపా ఇసుకా రెండూ ప్రియమయ్యాయి. ఆ ఖాళీలోకి ఓడల మీద వచ్చాయి పీవీసీ, డబ్ల్యూపీసీ, ఫ్లష్ తలుపులు, స్టీలు తలుపులు.

వీటిలో వీధికి పనికొచ్చేవేవి? ఎండావానా తగలని స్నానాల గదికి పీవీసీ బాగానే ఉంటుంది. వీధి వైపు పెడితే ఎండకు పెళుసెక్కుతుంది, బందుల దగ్గర స్క్రూలు ఊడతాయి. డబ్ల్యూపీసీ నీళ్లకు ఉబ్బదు, చెదలు ముట్టదు. కానీ బరువెక్కువ, కాబట్టి మూడు బందులు చాలవు, నాలుగు వేయించాలి. ఫ్లష్ తలుపు తీసుకుంటే ఐఎస్ 2202 ముద్ర ఉండి, నీళ్లను తట్టుకునే జిగురుతో చేసినదని అడిగి తీసుకోవాలి. మామూలు జిగురుదైతే రెండో వానాకాలానికి కింది అంచు పుస్తకం పేజీల్లా విచ్చుకుంటుంది. మెరిసే స్టీలు తలుపు సముద్రపు ఉప్పుగాలికి కింది అంచు నుంచే తుప్పు పడుతుంది. పైన రంగు బాగానే కనబడుతుంది, లోపల బోలు భాగంలో చేరిన తేమ అప్పటికే పని మొదలుపెట్టి ఉంటుంది.

నా లెక్కలో అన్నిటికంటే చౌక తలుపు ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత పడౌక్ తలుపు. దాన్ని తీసి పాత సామాన్ల వాడికి ఇచ్చేసి, ఓడలో వచ్చిన ఫోమ్ తలుపు బిగించడం కరెంటు ఆదా కింద రాదు. చిత్రిక పట్టించి, కింద కుళ్లిన ముక్క మార్పించి, నూనె పెట్టించి, పక్కనే జాలీ రెక్క చేయించుకుంటే ఇంకో తరం వస్తుంది. ద్వారబంధం పోతే ముందే పోతపోసిన కాంక్రీటు బంధం వేసుకోవచ్చు. చెదలకు, ఉప్పుకు అది భయపడదు, అయితే లోపలి ఇనుపచువ్వ మీద కాంక్రీటు మందం తగినంత ఉండాలి. బందులు, గొళ్ళేలు, స్క్రూలు స్టెయిన్‌లెస్ 316 రకం దొరికితే అవే. 304 రకం సముద్రం ఒడ్డున మచ్చలు పడుతుంది. అల్యూమినియం ఫ్రేముకు ఇనుప స్క్రూ బిగిస్తే ఉప్పుతేమలో స్క్రూ చుట్టూ అల్యూమినియం తినుకుపోతుంది. తలుపు మీద చూరు కనీసం రెండడుగులు ముందుకు రావాలి. వాన ఏటవాలుగా కొట్టే చోట తలుపు ఎంత ఖరీదైనదన్నదాని కంటే ఆ చూరే దాని ఆయుష్షును ఎక్కువ నిర్ణయిస్తుంది.

సబ్సిడీ ఎక్కడికి వెళ్తోంది

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మిగతా రాష్ట్రాల్లో మూడు కిలోవాట్ల సౌర ఫలకాలకు 78,000 రూపాయల సాయం ఉంటే, అండమాన్ వంటి ప్రత్యేక ప్రాంతాలకు 85,800 ఇస్తారు. మంచిదే. కాకపోతే ఈ సాయం అందుకోవాలంటే ఫలకాలు మోయగల కప్పుండాలి, మిగతా డబ్బు చేతిలో ఉండాలి, ఇంటి మీద హక్కు పత్రం ఉండాలి. పాత రేకుల కింద, అద్దె గదుల్లో ఉండేవాళ్లకు ఈ మూడూ ఒకచోట దొరకవు. దొరికినవాళ్ల ఫలకాలు కూడా పగటి డీజిల్‌ను తగ్గిస్తాయి, సాయంత్రపు డీజిల్‌ను కాదు.

అదే 85,800 రూపాయలను మరోలా వాడి చూడండి. మూడేసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు, కప్పుకు తెల్ల రంగు, రెండు జాలీ రెక్కలు: ఒక్క ఇంటి ఫలకాల సాయంతో ఒకటి కంటే ఎక్కువ ఇళ్లకు ఇవి వస్తాయి. ఫ్యాన్లు ఒక్కటే ఏడాదికి ఇంటికి 780 యూనిట్ల దాకా తగ్గిస్తాయి, అందులో పెద్ద వాటా పొద్దుపోయాక తిరిగే గంటలది. కప్పూ తలుపూ చేసే ఆదా మీటరులో విడిగా కనబడదు. ఆ ఇంట్లో ఏసీ కొనాలన్న ఆలోచన ఎన్నేళ్లు వాయిదా పడిందన్నదే దాని కొలత. అధికారులకు ఇది నచ్చకపోవడానికి కారణం కూడా అర్థమవుతుంది. మెగావాట్లకు ఫొటో ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. జాలీ తలుపుకు రిబ్బన్ ఎవరు కోస్తారు?

గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌తో పాటు 450 ఎంవీఏ గ్యాస్, సౌర విద్యుత్ కేంద్రాన్ని కూడా ప్రతిపాదించారు. దాని మీద అడవుల గురించి, షోంపెన్‌ల గురించి జరుగుతున్న వాదం వేరే వ్యాసమంత పెద్దది. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: ఆ టౌన్‌షిప్‌లో కట్టే ఇళ్లు ఏ రకం? నాలుగు వైపులా మూసి ఏసీతో బతికే ఫ్లాట్లయితే ఆ విద్యుత్ కేంద్రానికి పుట్టకముందే ఆకలి పుట్టినట్టు.

పాత ఇళ్లకు మాత్రం దారి ఇప్పుడే ఉంది. విద్యుత్ శాఖ టారిఫ్ ప్రతిపాదనలు పెట్టినప్పుడు సంయుక్త కమిషన్ ప్రజల అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ సాధారణంగా యూనిట్‌కు ఎంత పెంచుతారన్న మాటే నడుస్తుంది. డీజిల్ మీద పెట్టే సబ్సిడీలో ఒక చిన్న వాటాను ఫ్యాన్లకు, రేకుల రంగుకు, జాలీ రెక్కలకు మళ్లించమని, ఛాథమ్ మిల్లు కోసే కలపలో ఇంటి తలుపుల మరమ్మతుకు కొంత కోటా పెట్టమని అడగడానికి అదే వేదిక. అడగాల్సినవాళ్లలో దీవుల్లోని తెలుగు సంఘాలూ ఉన్నాయి. వచ్చే వానాకాలం లోపు ఆ అర్జీ తయారైతే, కప్పు పనులకు పనికొచ్చే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య పొడి నెలలు చేతిలో ఉంటాయి.